తెరచాప పడవకి గాలి మీటరు, లోతు మీటరు: కళింగపట్నం మొగ దగ్గర వైర్‌లెస్ ఎంతవరకు పనికొస్తుంది?

వంశధార_మొగ (ప్రశ్న)

పడవ వివరాలు ముందే రాసేస్తున్నాను, మళ్ళీ అడగక్కర్లేకుండా.

24 అడుగుల ఫైబర్ సెయిలింగ్ బోటు. అడుగంతా గట్టి ఫైబరే, మధ్యలో ఫోమ్ గానీ బాల్సా చెక్క గానీ లేదు. అడుగు మందం 8 మి.మీ. సెంటర్‌బోర్డు (అడుగు నుంచి నీళ్ళలోకి దించే పలక) పైకి లాగే రకం: దించితే 1.3 మీటర్లు, ఎత్తేస్తే 0.45 మీటరు నీళ్ళు చాలు. అల్యూమినియం మాస్టు (తెరచాప స్తంభం), డెక్కు మీద నుంచి 9 మీటర్లు, అడుగున బందు ఉంది కాబట్టి పడుకోబెట్టొచ్చు. వెనక 8 హెచ్‌పీ అవుట్‌బోర్డు ఇంజను. 12 వోల్టుల 60 ఏహెచ్ బ్యాటరీ, 50 వాట్ల సోలార్ ప్యానెల్.

ఉండేది కళింగపట్నం. వంశధార మొగలోంచి (ఏరు సముద్రంలో కలిసే చోటు) బయటపడి పైకి భావనపాడు, కిందికి భీమిలి దాకా తిరగాలి. పని లేని రోజుల్లో ట్రాక్టరుతో ఇసుక మీదికి లాగేస్తారు. కావలసినవి మూడే: లోతు, గాలి వేగం, గాలి దిశ. బడ్జెట్ లక్షన్నర లోపు.

లోతు, గాలి రెండూ వైర్‌లెస్సే తీసుకోవచ్చా? లోతుకి పడవ అడుగున కన్నం పెట్టక తప్పదా? మాస్టు మీదికి గిన్నెలు తిరిగే రకమా, తిరిగే భాగాలు లేని అల్ట్రాసోనిక్ రకమా? డిస్‌ప్లే కొనకుండా ఫోనుతో సరిపెట్టుకోవచ్చా?

---

గుండుతాడు

గాలికి వైర్‌లెస్ తీసుకోండి. లోతుకి వైరు ఉండనివ్వండి.

లోతుకి "వైర్‌లెస్" అని అమ్మేవాటిలో కూడా ట్రాన్స్‌డ్యూసర్ (నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగొచ్చింది పట్టే ముక్క) నుంచి ఒక డబ్బాకి వైరు ఉంటుంది, ఆ డబ్బాకి బ్యాటరీ నుంచి ఇంకో వైరు ఉంటుంది. అక్కడి నుంచి డిస్‌ప్లే దాకా ఉన్న రెండు మూడు మీటర్లే గాల్లో వెళ్ళేది. రేమరీన్ వాళ్ళ టాక్‌టిక్ వరసలో వచ్చిన టి121 హల్ ట్రాన్స్‌మిటర్ అచ్చం ఇదే. అదే పనిగా నీళ్ళలోకి శబ్దం కొట్టాలంటే కరెంటు కావాలి, అది కూర్చునేదేమో ఎండ తగలని పడవ కడుపులో. సోలార్‌తో నడిచే దారి లేదు. 24 అడుగుల బోటులో రెండు మీటర్ల వైరు తప్పించుకోవడానికి అంత డబ్బు పెట్టడం దండగ.

ఇక కన్నం సంగతి. మీరు రాసినవాటిలో అసలు ముఖ్యమైనది ఇసుక మీదికి లాగడం. అడుగున కన్నం పెట్టి దించే రకం ఎంతో కొంత బయటికి పొడుచుకొస్తుంది, మొదటి లాగుడుకే దాని మొహం ఇసుకకి గీసుకుపోతుంది. వెనక చెక్కకి బిగించే రకం అంతకన్నా నయమేమీ కాదు: అవుట్‌బోర్డు కలిపే నురగలో ఉంటుంది, పడవ ఒరిగితే ఒకవైపు నీళ్ళలోంచి బయటికే వచ్చేస్తుంది. మీది గట్టి ఫైబరు కాబట్టి లోపలి నుంచి, అడుగు గుండా శబ్దం పంపే ఇన్‌హల్ ట్రాన్స్‌డ్యూసర్ పెట్టండి. ఎయిర్‌మార్ పి79 ఈ పనికే చేసినది, అడుగు వాలు 22 డిగ్రీల దాకా ఉన్నా లోపల నిలువుగా సర్దుకోవచ్చు. 8 మి.మీ. ఫైబరు దాటడంలో శబ్దం బలం కొంత పోతుంది. వందల మీటర్ల లోతు చూడాలనుకునేవాళ్ళకి అది నష్టం. మీకు కావలసింది మీటరు నుంచి యాభై మీటర్లు, కాబట్టి పట్టించుకోనక్కర్లేదు. ఫోమ్ గానీ బాల్సా గానీ ఉన్న అడుగైతే ఈ పద్ధతి మొత్తానికే పనిచేయదు, అందులో చిక్కుకున్న గాలి శబ్దాన్ని మింగేస్తుంది. చెక్క పడవకీ ఇదే మాట.

ఎక్కడ పెట్టాలి: సెంటర్‌బోర్డు గూటికి ముందు, మధ్య గీతకి ఒక జానెడు పక్కగా, నడుస్తున్నప్పుడు కూడా ఎప్పుడూ నీళ్ళలోనే ఉండే చోట. గూటికి వెనక వద్దు, ఆ చీలికలోంచి వచ్చే బుడగలన్నీ దాని కిందుగానే పోతాయి.

అంటించక ముందే పరీక్ష చేయాలి. పలచటి ప్లాస్టిక్ సంచిలో నీళ్ళు పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ని అందులో ముంచి, సంచిని అడుగుకి ఆనించండి. సంచి కింద కూడా నీళ్ళు చల్లి తడిగా ఉంచాలి, పొడి సందు ఉంటే ఏమీ కనబడదు. డిస్‌ప్లేలో వచ్చిన లోతు రాసుకుని, అదే చోట పడవ పక్క నుంచి ట్రాన్స్‌డ్యూసర్‌ని నేరుగా నీళ్ళలో ముంచి మళ్ళీ చూడండి. రెండూ పది పదిహేను సెంటీమీటర్ల తేడాలో ఉంటే ఆ చోటు మంచిదే. ఒకచోట అంకె రాకపోతే అరడుగు జరిపి చూడండి, ఫైబరు పొరల మధ్య గాలి ఉన్న మచ్చలు అక్కడక్కడా ఉంటాయి.

---

చాపకొయ్య

గాలి గురించి నేను.

మాస్టులో వైరు మధ్యలో తెగదు, అడుగున కనెక్టరు దగ్గర చెడుతుంది. మాస్టు దించినప్పుడల్లా ఊడదీసి, ఎత్తినప్పుడల్లా పెట్టే పిన్నులు మన ఉప్పు గాలికి పచ్చగా పట్టేస్తాయి. ముందు దిశ తిక్కతిక్కగా తిరుగుతుంది, తర్వాత వేగం సున్నా. మీ మాస్టు దించే రకం కాబట్టి వైర్‌లెస్‌కి పెట్టిన డబ్బు ఇక్కడ నిజంగా పనికొస్తుంది. తొమ్మిది మీటర్ల దూరం సిగ్నల్‌కి లెక్కే కాదు, ఫైబరు గుండా కూడా దిగిపోతుంది. రిసీవరు డబ్బాని వీహెచ్‌ఎఫ్ రేడియోకీ దిక్సూచికీ ఒక మీటరు ఎడంగా పెట్టండి చాలు.

గిన్నెలా, అల్ట్రాసోనిక్కా? తెల్లవారుజామున ఒడ్డు నుంచి వచ్చే మూడు నాలుగు నాట్ల (ఒక నాట్ అంటే గంటకి 1.85 కి.మీ.) గాలికి, బేరింగులో ఉప్పు పట్టిన గిన్నెలు కదలవు. అల్ట్రాసోనిక్ అంత మెల్లటి గాలిని కూడా పడుతుంది, కానీ జడివానలో చుక్కలు సెన్సరు మీద నిలిచినంతసేపూ అంకెలు గంతులేస్తాయి. ఒడ్డున పెట్టిన నెలల్లో సాలెపురుగు గూడు కడితే అదీ అంతే. గిన్నెల రకాన్ని కాకి వంచగలదు. దేని మీదైనా గద్దో కాకో కూర్చోకుండా నిలువుగా రెండు పొడవాటి కేబుల్ టైలు బిగించండి. అవి సెన్సరు వెనక వైపు ఉండాలి, గాలికి అడ్డం రాకూడదు.

రెండింటిలో ఏది మంచిదని అడిగే ముందు డిస్‌ప్లే ఏదో తేల్చుకోవాలి. గార్మిన్ జీవిండ్ వైర్‌లెస్ 2 తమ గార్మిన్ డిస్‌ప్లేతోనే నేరుగా జత కడుతుంది. బీ అండ్ జీ డబ్ల్యూఎస్320 ఒక చిన్న డబ్బా ద్వారా ఎన్‌ఎంఈఏ 2000 లైనులోకి (ఏ కంపెనీ పడవ పరికరాలైనా కలిసే వైరు నెట్‌వర్కు) అంకెలు పంపుతుంది కాబట్టి డిస్‌ప్లే ఎవరిదైనా పరవాలేదు. టాక్‌టిక్‌ది దాని సొంత నెట్‌వర్కు, బయటివాటితో మాట్లాడాలంటే ఇంటర్‌ఫేస్ డబ్బా విడిగా కొనాలి. కాలిప్సో అల్ట్రాసోనిక్ బ్లూటూత్‌తో ఫోనుకి పంపుతుంది. మాస్టు మీదిది ముందు కొనేసి తర్వాత డిస్‌ప్లే వెతికితే రెండు మూడు అడాప్టర్లు కొనాల్సి వస్తుంది.

బిగించేటప్పుడు: స్టీలు స్క్రూ నేరుగా అల్యూమినియంలోకి వెళ్తే ఏడాది తిరిగేసరికి తెల్లటి పొడి పట్టి అతుక్కుపోతుంది, మళ్ళీ రాదు. మరలకి గ్రీజు దండిగా పూయండి. బ్రాకెట్టు మాస్టు తలకి ముందుగా చాచి ఉండాలి, తెరచాప చెదరగొట్టిన గాలి తగలకుండా. మాస్టు దించే ముందు ఎవరైనా పైనుంచి సెన్సరుని తీసీయాలి, లేదా దించుతున్నప్పుడు మాస్టు తల నేలకి తగలకముందే ఒకరు పట్టుకుని ఊడదీయాలి. ఇది మర్చిపోయినవాళ్ళే మాస్టు మీది ముక్కని రెండోసారి కొంటారు.

ఇంకొకటి. మాస్టు మీది వైర్‌లెస్ సెన్సర్లలో సోలార్‌తో నడిచేవాటిని తీసి గోనెసంచిలో చుట్టి చీకటి గదిలో పెట్టీయకండి. లోపలి బ్యాటరీ మెల్లగా పూర్తిగా దిగిపోతుంది, అలా నెలలుంటే మళ్ళీ ఛార్జి పట్టదు. వెలుతురు పడే కిటికీలో పెడితే చాలు. తుపాను హెచ్చరిక వస్తే అసలు మాస్టే దించేస్తారు కాబట్టి అదీ దాంతోపాటు ఇంట్లోకే.

---

బారువ_బీచ్

ఇంత ఖర్చెందుకు? చేపలు పట్టేవాళ్ళు గాలానికి కట్టి విసిరే వై-ఫై బంతి సోనార్లు ఉన్నాయి కదా, డీపర్ లాంటివి. వెనకాల దారం కట్టి లాక్కెళ్తే లోతు ఫోనులోకి వచ్చేస్తుంది.

---

గుండుతాడు

నడిచే పడవకి అది కుదరదండి. లాగితే బంతి అలల మీద దొర్లుతుంది, శబ్దం పక్కకి పోతుంది. నీళ్ళలో మునిగిన క్షణమల్లా వై-ఫై తెగుతుంది, రేడియో తరంగం ఉప్పునీళ్ళలో వెళ్ళదు. పైగా లోతు తెలిసేది మీ వెనక, మీరు దాటేసిన చోట.

కానీ మొగ దగ్గర దానికి ఒక మంచి వాడకం ఉంది. బయల్దేరే ముందు ఏటి వైపు ఒడ్డున నిలబడి, అల విరగని చోట అడ్డంగా పది పన్నెండు చోట్లకి విసిరి వెనక్కి చుట్టుకుంటే, కాలువ ఇవాళ ఏ వైపుకి జరిగిందో తెలిసిపోతుంది. వంశధార మీది గొట్టా బ్యారేజీ గేట్లెత్తి వరద వచ్చి వెళ్ళాక మొగలో ఇసుక దిబ్బలు ఎక్కడివక్కడ ఉండవు. పాత ట్రాకు, అచ్చు పటం రెండూ ఆ మొగకి నమ్మకం కావు.

---

నాగావళి_వైరింగ్

కరెంటు, సిగ్నలు సంగతులు చెప్తాను.

ముందు ఫ్రీక్వెన్సీ. టాక్‌టిక్ రకాలు యూరప్‌కి 868 మెగాహెర్ట్జ్‌లో, అమెరికా, ఆస్ట్రేలియాలకి 916లో వస్తాయి. మన దేశంలో లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోగల బ్యాండు 865 నుంచి 868. బంధువులు అమెరికా నుంచి తెస్తామంటే 916 పెట్టె వస్తుంది, అది మన బ్యాండులో లేదు. రెండు రకాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు కూడా, తర్వాత విడిగా డిస్‌ప్లే కొన్నా కలవదు. బ్లూటూత్, వై-ఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్‌తో ఈ గొడవ లేదు.

ఎన్‌ఎంఈఏ 2000 లైను వేస్తే అది చెట్టు కొమ్మల్లా కాదు, ఒకే వెన్నెముక. రెండు కొసల్లో 120 ఓముల టెర్మినేటరు ఒక్కొక్కటి. మధ్యలో టీ ముక్కల నుంచి పరికరాలకి పోయే తోక ఒక్కోటి 6 మీటర్లు దాటకూడదు. అంతా బిగించాక కరెంటు తీసేసి, మల్టీమీటరుతో తెల్ల వైరుకీ నీలం వైరుకీ మధ్య కొలవండి. 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక టెర్మినేటరు లేదు. 40 వస్తే ఎవరో మూడోది పెట్టారు. గాలి ఒకసారి కనబడి మరోసారి మాయమయ్యే సగం ఫిర్యాదులు ఇక్కడే తేలిపోతాయి, వైర్‌లెస్‌ని తిట్టే ముందు ఇది చూడండి.

ట్రాన్స్‌డ్యూసరు ప్లగ్గు పెద్దదిగా ఉంది, డెక్కు కన్నంలో పట్టలేదని వైరు కోసి మళ్ళీ అతికేవాళ్ళున్నారు. వద్దు. కన్నమే 25 మి.మీ. చేయండి. ఆ వైరులో వచ్చే తిరుగు శబ్దం సిగ్నలు చాలా సన్నగా ఉంటుంది, అతుకు దగ్గర తొడుగు వల తెగితే స్క్రీను నిండా చుక్కలే. అవుట్‌బోర్డు స్టార్టరు కేబుల్‌తో కలిపి కట్టలు కట్టకండి, కనీసం అరడుగు ఎడం.

సెల్ఫ్ స్టార్టు ఉన్న ఇంజనైతే, మొగ మధ్యలో ఇంజను ఆగి మళ్ళీ తిప్పినప్పుడు వోల్టేజి పడిపోయి సౌండరు (లోతు మీటరు) రీబూట్ అవుతుంది. సరిగ్గా లోతు కావలసిన నిమిషంలో కంపెనీ బొమ్మ కనబడుతుంది. బ్యాటరీ టెర్మినల్స్ శుభ్రంగా ఉంచి, సౌండరుకి మందంగా, విడిగా వైరు బ్యాటరీ దాకా తీసుకోండి, ప్లస్ మీద బ్యాటరీ దగ్గరే ఫ్యూజు. ఎన్ని యాంప్సో పరికరం మాన్యువల్లో ఉంటుంది, చేతికి దొరికిన ఫ్యూజు పెట్టకండి.

ఫోను రెండో డిస్‌ప్లేగా సరే, మొదటిదిగా కాదు. మే నెల ఎండలో డెక్కు మీద ఫోను వేడెక్కి తనంతట తనే ఆరిపోతుంది. తడి వేలితో తెర పనిచేయదు. ఎన్‌ఎంఈఏ 2000 నుంచి వై-ఫైకి మార్చే గేట్‌వే తర్వాతైనా పెట్టుకోవచ్చు.

డిస్‌ప్లే విషయంలో నా సలహా: అంకె మాత్రమే చూపేది కాకుండా, అడుగు బొమ్మ గీసే ఐదు లేదా ఏడు అంగుళాల సౌండరు ప్లాటరు (పటం మీద పడవ ఉన్నచోటు కూడా చూపేది) తీసుకోండి. ఎందుకో గుండుతాడు గారు చెబితే బాగుంటుంది.

---

గుండుతాడు

అంకె ఒక్కటే ఉంటే అది అబద్ధం చెప్పినప్పుడు తెలియదు, అందుకని.

గట్టి ఇసుక మీద లోతు తక్కువైనప్పుడు శబ్దం అడుగుకి కొట్టుకుని, పైకొచ్చి, మళ్ళీ కిందికెళ్ళి రెండోసారి వస్తుంది. కొన్ని సౌండర్లు ఆ రెండోదాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. ఉన్నది 1.2 అయితే 2.4 చూపిస్తుంది. బొమ్మలో అయితే రెండు గీతలు ఒకదాని కింద ఒకటి సమాన దూరంలో కనబడతాయి, పైదే నిజం. వరద రోజుల్లో మొగ బయట నీళ్ళ అడుగున పలచటి బురద పొర పరుచుకుంటుంది. సౌండరు పంపే శబ్దం 200 కిలోహెర్ట్జ్ అయితే ఆ పొర మీదనే తిరిగి వచ్చేస్తుంది, 50 కిలోహెర్ట్జ్ దాన్ని దాటి కింది గట్టినేల చూపిస్తుంది. బొమ్మలో మసక పట్టీగా తెలుస్తుంది, ఉత్త అంకెలో తెలియదు. మీ వాడకానికి 200 పెట్టి ఉంచండి, తక్కువ లోతులో అదే నిక్కచ్చి. పక్కనే వేట బోటు వాళ్ళ సౌండరు కూడా 200 మీద నడుస్తుంటే తెర మీద ఏటవాలు గీతలు వస్తాయి. అవి చేపలు కావు, కొంచెం దూరం జరిగితే పోతాయి.

లోతు ఎక్కడి నుంచి కొలిచి చూపాలన్నది సెట్టింగు. కీల్ (అడుగున నీళ్ళలోకి దిగి ఉండే కదలని పలక) ఉండే పడవల్లో ఆ కీల్ కింద ఎంత ఉందో చూపించుకుంటారు. మీది సెంటర్‌బోర్డు, ఎత్తినప్పుడొకటి, దించినప్పుడొకటి. కాబట్టి నీటి మట్టం నుంచే చూపేలా పెట్టుకోండి. ట్రాన్స్‌డ్యూసరు ఉన్నచోట అడుగు నీళ్ళలో 35 సెం.మీ. ఉంటే ఆఫ్‌సెట్ +0.35. మీ పడవలో సామాను, మనుషులు ఎక్కాక టేపుతో కొలిచి ఆ అంకె వేయండి. తర్వాత లంగరు వేసి, అల లేని చోట, గుండుతాడు దించి సరిచూడండి. తాడుకి ప్రతి అర మీటరుకీ ముడి, సీసం గుండు అడుగున సబ్బు ముద్ద. ఇసుకో బురదో సబ్బుకి అంటుకుని పైకి వస్తుంది.

అలారం ఎంతకి? బోర్డు ఎత్తేస్తే 0.45. మొగలో మీటరు ఎత్తు అల ఉంటే పల్లంలో అర మీటరు దిగిపోతారు. దాని మీద ఇంకో అర మీటరు చేతిలో ఉండాలి. 1.5కి అలారం పెట్టండి. అల అంతకంటే ఎక్కువుంటే ఆ పూట మొగ దాటే ఆలోచన మానుకోవడమే. ఇవన్నీ చుక్కాని కూడా ఎత్తే రకమైతేనే, లేకపోతే చుక్కాని కొస లోతు కలుపుకోండి.

డ్యాంపింగ్ అని ఒకటుంటుంది, అంకె గంతులేయకుండా కొన్ని సెకన్ల సగటు చూపిస్తుంది. బయట సముద్రంలో హాయిగా ఉంటుంది. మొగలో మాత్రం తగ్గించేయాలి. నాలుగు నాట్ల వేగమంటే సెకనుకి రెండు మీటర్లు. మూడు సెకన్ల సగటు పెట్టారంటే ఆరు మీటర్ల వెనకటి లోతు చూస్తున్నట్టు, దగ్గరదగ్గర పడవ పొడుగంత.

ట్రాన్స్‌డ్యూసరు కింద అర మీటరు కన్నా తక్కువుంటే చాలా సౌండర్లు అంకె చూపలేవు, గీతలు పెడతాయి. విరిగిన అల నురగలో కూడా గీతలే. గీతలు వచ్చాయంటే లోతు ఎక్కువైందని అనుకోకండి, మొగలో గీతలంటే ప్రమాదమనే లెక్క.

భీమిలి వెళ్ళే దారిలో చింతపల్లి దీపస్తంభానికి ఎదురుగా సముద్రంలో ఉన్న రాళ్ళకి ఈ మీటరు కాపలా కాయదు. రాయి నిట్టనిలువుగా లేస్తుంది, సౌండరు కిందున్నదే చెబుతుంది. వాటికి దూరంగా ప్లాటరులో ముందే వేపాయింట్లు (దారి గుర్తులు) పెట్టుకోవాలి.

---

ముక్కాం_గాలి

గాలి వేగం, దిశ అంటున్నారు గానీ, పడవ నీళ్ళలో ఎంత వేగంగా పోతుందో తెలియకుండా నిజంగా వీచే గాలి ఎంతో ఎలా లెక్కేస్తారు? మాస్టు మీది సెన్సరు చూపేది పడవకి తగిలే గాలి మాత్రమే. ఎయిర్‌మార్ డీఎస్‌టీ810 ఒక్కటి పెడితే లోతు, నీటి వేగం, ఉష్ణోగ్రత మూడూ వస్తాయి. 51 మి.మీ. కన్నం ఒక్కటి చాలు. లోతు కూడా అర మీటరు నుంచి వంద మీటర్ల దాకా. ఇన్‌హల్ ఎందుకు సిఫారసు చేస్తున్నారో నాకు అర్థం కాలేదు.

---

చాపకొయ్య

లెక్కప్రకారం మీరన్నది కరెక్టే. ఈ పడవకి కాదు.

డీఎస్‌టీ810 అడుగున చిన్న తెడ్ల చక్రం ఉంటుంది. ఇసుకలో లాగితే ఆ చక్రం సందులోకి ఇసుక దూరుతుంది. వెచ్చటి ఏటి మొగ నీళ్ళలో నిలిపి ఉంచితే నాచు, చిన్న పెంకులు పట్టి వారం రెండు వారాల్లోనే బిగుసుకుంటుంది. ప్రతిసారీ లోపలి నుంచి తీసి డమ్మీ మూత పెట్టాలి, తీసినప్పుడల్లా కొన్ని నీళ్ళు లోపలికి. ఎప్పుడూ నీళ్ళలోనే ఉండే, ఇసుక తగలని పడవకి అది మంచి సరుకే.

జీపీఎస్ వేగంతో లెక్కేసిన గాలి, నీటి వేగంతో లెక్కేసిన గాలి ప్రవాహం ఉన్నప్పుడే వేరవుతాయి. మన తీరంలో ఆ ప్రవాహం మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈశాన్యానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నైరుతికి నడుస్తుంది. ఆ నెలల్లో తేడా కనబడుతుంది, నిజమే. కానీ రేసు కాదు కదా, చాప ఎప్పుడు కుదించాలో తెలిస్తే చాలు. దానికి తగిలే గాలే కావాలి.

ఎక్కడ మోసపోతారంటే వెనకగాలిలో. నైరుతి రోజుల్లో గాలి మన తీరం వెంటే వీస్తుంది. భీమిలి నుంచి కళింగపట్నం వస్తుంటే వెనక నుంచి. అసలు గాలి 15 నాట్లు, పడవ 5 నాట్లు, మీటరు 10 చూపిస్తుంది, అంతా మెత్తగా ఉన్నట్టుంటుంది. మొగ వైపు తిప్పగానే అదే గాలి పక్క నుంచి తగులుతుంది, మీటరు 16కి పోతుంది. గాలి తోపు వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి చాప మీద బరువు రెండున్నర రెట్లు. చాప తిరగక ముందే కుదించాలి. జీపీఎస్‌తో లెక్కేసిన గాలి డిస్‌ప్లేలో పక్కన పెట్టుకుంటే ఈ 15 ముందే కనబడుతుంది, దానికి చక్రం అక్కర్లేదు.

దిశ సరిచేయడం: గాలి నిలకడగా ఉన్న పూట గాలికి ఎంత దగ్గరగా వెళ్ళగలరో అంత దగ్గరగా ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి, చెరో ఐదు నిమిషాలు నడపండి. ఒక పక్క 36 డిగ్రీలు, ఇంకో పక్క 30 వస్తే తేడా 6, అందులో సగం 3. ఎక్కువ చూపే పక్క తగ్గేట్టు ఆఫ్‌సెట్ వేయండి, రెండు పక్కలా 33 రావాలి. మాస్టు దించి మళ్ళీ సెన్సరు పెట్టిన ప్రతిసారీ ఒకసారి చూసుకోవాలి.

వాతావరణ శాఖ జాలర్ల హెచ్చరిక గంటకి కిలోమీటర్లలో ఇస్తుంది. 45-55, అప్పుడప్పుడు 65 అని చదివితే అది 24-30 నాట్లు, ఈదుర్లు 35. డిస్‌ప్లే నాట్లలో ఉంచి, ఈ మార్పిడి ఒక చీటీ మీద రాసి పక్కన అంటించండి.

---

వంశధార_మొగ

సరే, లోతుకి లోపలి నుంచి వైరుతో, గాలికి వైర్‌లెస్, డిస్‌ప్లే ముందు. ఒక్క సందేహం. పి79ని ఎపాక్సీతో అంటించాలా, నూనె నింపాలా? పడవ ఒరిగినప్పుడు లోతు తప్పు చూపదా? వేట నిషేధం రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపల, ఫైబర్ మేస్త్రీతో చేయిద్దామని ఉంది.

---

గుండుతాడు

ఒరగడం వల్ల తప్పు ఉంటుంది, భయపడేంత కాదు. 25 డిగ్రీలు ఒరిగితే శబ్దం ఏటవాలుగా పోయి పది శాతం దాకా ఎక్కువ చూపగలదు, 3 మీటర్లు 3.3 అవుతుంది. మొగలోకి ఎలాగూ చాప దించి, ఇంజను మీద, పడవ నిటారుగా ఉన్నప్పుడే వస్తారు. ఇంకో చిన్న తప్పు మనకి మంచివైపుకే ఉంది. చాలా సౌండర్లు శబ్దం సెకనుకి 1500 మీటర్లు పోతుందని లెక్కేస్తాయి. వెచ్చటి మన ఉప్పునీళ్ళలో 1540 దాకా పోతుంది. అందుకని నాలుగు మీటర్లు ఉంటే పది సెంటీమీటర్లు తక్కువే చూపిస్తుంది.

పి79లో కింది దిమ్మ ఒకటి, పైన తిరిగే తల ఒకటి. దిమ్మని అడుగుకి అంటించాలి, లోపల ద్రవం నింపాలి, తలని నిలువుగా తిప్పి బిగించాలి. అంటే మీరడిగిన రెండూ ఉంటాయి. అంటించే చోట లోపలి పెయింటు, మైనం మొత్తం 80 నంబరు గరుకు కాగితంతో తీసి, గట్టి ఫైబరు కనబడ్డాక ఎసిటోన్‌తో తుడవండి. అడుగు సమంగా లేకపోతే దిమ్మ కింద సందు వస్తుంది, సమం చేశాకే అంటించండి. 

ఏప్రిల్, మే నెలల్లో పని కాబట్టి ఎపాక్సీ విషయంలో జాగ్రత్త. వేడి పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే సమయం సుమారు సగమవుతుంది. మధ్యాహ్నం మూడింటికి డబ్బాలో ఎక్కువ కలిపితే చేతిలోనే వేడెక్కి పొగొస్తుంది, లోపల బుడగలు నిలుస్తాయి. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం వద్దు. నెమ్మదిగా పట్టేది తీసుకుని, పొద్దున ఆరు గంటలకి, కొంచెం కొంచెంగా, గాలి చొరబడకుండా మెల్లగా కలపండి. దిమ్మని ఒక అంచు ముందు ఆనించి, అటూ ఇటూ మెలితిప్పుతూ దించితే బుడగలు పక్కకి పోతాయి. మర్నాటిదాకా కదపొద్దు.

లోపల నింపడానికి కంపెనీ చెప్పేది విషం కాని ప్రొపిలీన్ గ్లైకాల్. అది దొరక్కపోతే పీవీసీ పైపు ముక్కతో గూడు కట్టుకునేవాళ్ళు ఎప్పటి నుంచో వాడేది ఆముదం. అందులో శబ్దం నీళ్ళలో లాగే పోతుంది, ఆరిపోదు. పి79లో కంపెనీ చెప్పిందే పోయండి, ఆముదం పైపు గూటికి. ఏది పోసినా తల మొహం కింద గాలి బుడగ ఒక్కటి నిలిచినా స్క్రీను ఖాళీ. నిండా పోసి, తల పెట్టి, పొంగిన దాన్ని తుడిచి, గంట ఆగి మళ్ళీ తెరిచి చూడండి. ఏడాదికోసారి మట్టం తగ్గిందేమో చూడాలి.

మేస్త్రీకి ముందే చెప్పండి: అలవాటు ప్రకారం దాని మీద ఇంకో రెండు పొరలు ఫైబరు వేసేస్తారు, తల తిప్పడానికి గానీ ద్రవం చూడటానికి గానీ వీలుండదు.

యూనిట్ల దగ్గర ఒక మాట. పడవలో వచ్చే మనవాళ్ళు లోతుని బారల్లోనే చెబుతారు, సౌండరులో కూడా ఫాథమ్ అని ఉంటుంది, ఒకటి 1.83 మీటర్లు. అది పెట్టకండి. అంకె 0.1 మారిందంటే 18 సెంటీమీటర్లు, మొగలో అది మరీ మోటు కొలత. మీటర్లలోనే ఉంచి, చూసి చెప్పేవాళ్ళకి "ఒకటిన్నర కంటే తగ్గితే కేకెయ్" అనండి.